విమానంలో సీటుకి ముందే డబ్బు కట్టాలా? అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో టికెట్లు బుక్ చేసే ఆఫీసు నాది. మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్ట్) నుంచి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు, కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళే మన కోనసీమవాళ్ళు, పిల్లల దగ్గరికి అమెరికా బయలుదేరే పెద్దవాళ్ళు, అందరికీ బుకింగ్ చివర్లో ఒకే చోట చెయ్యి ఆగిపోతుంది. సీట్ల పటం వస్తుంది, ప్రతి గడి మీదా ఒక రేటు ఉంటుంది. "ఇది కూడా కట్టాలాండీ?" అని అడుగుతారు. చాలామందికి వద్దనే చెబుతాను. కొందరికి మాత్రం, వాళ్ళు వద్దంటున్నా సరే, కట్టమంటాను. ఎవరికి ఏది ఎందుకు చెబుతానో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సీటుకి డబ్బు కట్టకపోతే విమానం ఎక్కనివ్వరు

ఎక్కనిస్తారు. టికెట్ ధరలోనే మీకు ఒక సీటు ఉంది. అదనంగా అడిగేదల్లా ఫలానా సీటే కావాలని ముందుగా ఎంచుకున్నందుకు. విమాన సంస్థల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం మన దేశంలో ఈ రుసుము ప్రయాణికుడు కోరుకుంటేనే తీసుకోవాలి, దానంతట అది బిల్లులో చేరకూడదు. ఏ సీటూ ఎంచుకోనివాళ్ళకి చెక్‌ఇన్ సమయంలో, అంటే బోర్డింగ్ పాస్ తీసుకునేటప్పుడు, మిగిలిన వాటిలో ఒకటి కేటాయిస్తారు.

అసలు భయం పుట్టేది ఆన్‌లైన్‌లో చేసుకునే వెబ్ చెక్‌ఇన్ దగ్గర. చాలా సంస్థల్లో ఇది బయలుదేరడానికి 48 గంటల ముందు మొదలవుతుంది, కొన్నిటిలో 24 గంటల ముందు. అప్పుడు తెరిచి చూస్తే పటంలో అన్నిటికీ రేట్లే కనిపిస్తాయి. డబ్బు లేకుండా ముందుకు వెళ్ళే బటన్ కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కనపడక, ఇక వేరే దారి లేదనుకుని కట్టేస్తారు. ఓపిగ్గా వెతికి దాన్ని నొక్కండి, సిస్టమే సీటు ఇస్తుంది. అదీ కుదరకపోతే ఎయిర్‌పోర్ట్ కౌంటర్ ఉండనే ఉంది. ఒకప్పుడు దేశీయ విమానాలకి కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ తీసుకుంటే 200 రూపాయలు అడిగేవారు. అలా తీసుకోకూడదని 2022 జులైలో పౌర విమానయాన శాఖ స్పష్టంగా చెప్పింది.

అయితే ఒక జాగ్రత్త. ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మిన విమానంలో చివరగా చెక్‌ఇన్ చేసినవాళ్ళకే చిక్కు వస్తుంది. టైముకి వెళ్ళినా ఎక్కించుకోకపోతే, గంటలోపు వేరే విమానం చూపించాలి. చూపించకపోతే పరిహారం ఇవ్వాలి. 24 గంటల్లోపు ప్రయాణం ఏర్పాటు చేస్తే గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంతకు మించి ఆలస్యమైతే 20,000 దాకా డీజీసీఏ నిబంధనల్లో ఉంది. ఈ ముప్పు తప్పించుకోవడానికి సీటు కొనక్కర్లేదు. చెక్‌ఇన్ తెరుచుకోగానే చేసుకుంటే చాలు.

అపోహ: డబ్బు కట్టకపోతే చిన్నపిల్లల్ని కూడా విడిగా కూర్చోబెడతారు

సంక్రాంతికి ఊరొచ్చే కుటుంబాలు ఎక్కువగా కంగారుపడేది దీనికే. పండగ విమానాలు నిండుగా ఉంటాయి కాబట్టి, ఆఖర్న దొరికే సీట్లు తలో మూలా పడటం మామూలే. కానీ పిల్లల విషయం వేరు. పన్నెండేళ్ళ వరకు వయసున్న పిల్లలకి, అదే పీఎన్‌ఆర్‌లో (ఒకే బుకింగ్ నంబర్ మీద) ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో లేదా పెద్దవాళ్ళలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ విమాన సంస్థలను ఆదేశించింది.

అందులో రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి. "కనీసం ఒకరి" అన్నారు కాబట్టి బిడ్డ అమ్మ పక్కన ఉంటే నాన్న ఎక్కడో వెనక వరుసలో ఉండొచ్చు. గంట ప్రయాణానికి అదేమీ పెద్ద కష్టం కాదు. రెండోది, "అదే పీఎన్‌ఆర్". ఒక్కో ఫోన్‌లో ఒక్కో కూపన్ వస్తుందని నలుగురి టికెట్లూ రెండు ముక్కలుగా కొంటున్నారు. తండ్రి, పెద్దబ్బాయి ఒక పీఎన్‌ఆర్, తల్లి, చంటిపిల్ల ఇంకో పీఎన్‌ఆర్. నలుగురూ ఒకే కుటుంబమని సిస్టమ్‌కి తెలిసే దారి ఉండదు. మూడొందలు కలిసొచ్చాయని ఇలా చేసి, తర్వాత పక్కపక్క సీట్ల కోసం పన్నెండొందలు పెట్టడం ఎందుకు? అందరినీ ఒకే పీఎన్‌ఆర్‌లో వేయించండి. వచ్చిన సీట్లలో బిడ్డ ఒంటరిగా పడితే వెంటనే సంస్థకి ఫోన్ చెయ్యండి, లేదా కౌంటర్‌లో ఈ ఆదేశం సంగతి చెప్పి మార్పించుకోండి. విమానం ఎక్కాక పక్కవాళ్ళని బతిమాలుకునేదాకా ఆగొద్దు.

చంటిబిడ్డతో దూరప్రయాణం చేసేవాళ్ళు ఉయ్యాల తొట్టె ఉండే ముందు వరుస కోసం ముందే అడగాలి. అవి విమానానికి కొన్నే ఉంటాయి, బిడ్డ బరువుకి పరిమితి కూడా ఉంటుంది.

అపోహ: ముందు వరుస కొంటే ముందు దిగిపోవచ్చు

మధురపూడి నుంచి హైదరాబాద్ వెళ్ళే ఏటీఆర్ విమానంలో దీనికి ఉల్టా జరుగుతుంది. ఆ విమానానికి ప్రయాణికులు ఎక్కే దిగే తలుపు వెనకాల ఉంటుంది, ముందు భాగం సామానుకి. ఒకటో వరుసకి డబ్బు కట్టినవాళ్ళు అందరికంటే చివర దిగుతారు. పైగా ప్రొపెల్లర్ల మోత కూడా ముందు వైపే ఎక్కువ. వరుసకి అటు రెండు, ఇటు రెండు సీట్లే కనుక మధ్య సీటు అనేదే లేదు. ఏది వచ్చినా కిటికీయో, నడవాయో అవుతుంది. రెక్క కిటికీలకి పైన ఉండటంతో చాలా కిటికీల్లోంచి కాలవలు, కొబ్బరితోటలు చక్కగా కనిపిస్తాయి. గోదావరి ఏ వైపు కనిపిస్తుందని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు: గాలివాటాన్ని బట్టి ఆ రోజు రన్‌వే ఏ చివర నుంచి వాడతారో ముందు చెప్పలేం. దానికోసం డబ్బు పెట్టొద్దు.

ఎయిర్‌బస్‌లో ముందు వరుసల వాళ్ళు కొన్ని నిమిషాలు ముందు దిగే మాట నిజం. కానీ సామాను చెక్‌ఇన్‌లో వేసినవాళ్ళు బెల్ట్ దగ్గర అందరితో పాటు నిలబడాల్సిందే. చేతిసంచి ఒక్కటే ఉండి, దిగగానే పరుగెత్తాల్సిన పని ఉంటే తప్ప అది దండగ ఖర్చు.

గల్ఫ్ వెళ్ళే తమ్ముళ్ళకి, అక్కచెల్లెళ్ళకి కూడా ఇదే చెబుతాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటల ప్రయాణం. ఆ డబ్బు దాచుకోండి, లేదా సామాను బరువుకి ముందే కట్టుకోండి. ఆవకాయ జాడీ, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె కలిపి తూకం దాటితే కౌంటర్‌లో కట్టే రేటు చాలా ఎక్కువ.

అపోహ: వీల్‌చైర్ పెట్టించాం కదా, పెద్దవాళ్ళ సీటు సంగతి వాళ్ళే చూసుకుంటారు

నేను పట్టుబట్టి డబ్బు కట్టించేది ఇక్కడే. వీల్‌చైర్ సాయం గేటు దాకా, సీటు దాకా చేరుస్తుంది. దానికి కనీసం 48 గంటల ముందు చెప్పుకోవాలి. కానీ చేరే సీటు ఏదన్నది వేరే లెక్క.

భీమవరం నుంచో పాలకొల్లు నుంచో డల్లాస్ వెళ్ళే అరవై, డెబ్బై ఏళ్ళ దంపతుల్ని ఊహించుకోండి. దోహాలో విమానం మారితే, అక్కడి నుంచి డల్లాస్ ఒక్కటే పదిహేను గంటలు దాటుతుంది. షుగర్ ఉన్న మనిషి రాత్రంతా ఐదారుసార్లు లేవాలి. మధ్య సీటు వస్తే నిద్రపోతున్న పరాయివాళ్ళని లేపలేక, భాష రాక, మొహమాటంతో నీళ్ళు తాగడమే మానేస్తారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని వైద్యులు చెబుతారు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు తక్కువగా లేస్తారు కాబట్టి వాళ్ళకి ఈ ముప్పు ఇంకొంచెం ఎక్కువ. పెద్దవాళ్ళకి కిటికీ కంటే నడవా పక్క సీటు మేలు.

అన్ని విమానాలకీ కట్టాల్సిన పని లేదు. ఈ రుసుము మనిషికి ఒకసారి కాదు, ఒక్కో విమానానికి ఒక్కోసారి. చిన్న ప్రయాణాలు వదిలేసి, ఆ ఒక్క పెద్ద ప్రయాణానికే కట్టండి. ఏ విమానమో కూడా చూడండి. ఎయిర్‌బస్ ఎ330లో వరుస సాధారణంగా 2-4-2, భార్యాభర్తలకి పక్కనున్న రెండు సీట్లు సరిగ్గా సరిపోతాయి. బోయింగ్ 787లో 3-3-3. బోయింగ్ 777లో చాలా సంస్థలు 3-4-3 వేస్తాయి, అందులో నడవాకి అటొకరు, ఇటొకరు కూర్చుంటే ఇద్దరూ స్వేచ్ఛగా లేవగలరు, మాట్లాడుకోనూ గలరు. కొన్ని సంస్థలు చెక్‌ఇన్ తెరిచాక ఉచితంగా ఎంచుకోనిస్తాయి. కుర్రాళ్ళయితే దానికోసం ఆగొచ్చు. అమ్మానాన్నల్ని ఆ అదృష్టానికి వదలొద్దు. పిల్లలు లక్ష పైన పెట్టి టికెట్ కొని, ఇక్కడ కొన్ని వేలు మిగిల్చుకోవడం నాకు మనసొప్పదు.

అపోహ: ఎమర్జెన్సీ తలుపు వరుస పెద్దవాళ్ళకి హాయి

కాళ్ళకి చోటు ఉంటుంది, కానీ వాళ్ళని అక్కడ కూర్చోనివ్వకపోవచ్చు. ఆపదలో తలుపు తీయగలిగినవాళ్ళకే ఆ వరుస. పిల్లలకి, గర్భిణులకి, వీల్‌చైర్ అడిగినవాళ్ళకి ఇవ్వరు.

అపోహ: డబ్బు కట్టాక ఆ సీటు మారదు

మారొచ్చు. చివరి నిమిషంలో వేరే విమానం వేస్తే పటమే మారిపోతుంది. ఒక సంస్థ పేరుతో టికెట్ కొని ఇంకో సంస్థ విమానం ఎక్కే ప్రయాణాల్లో ఎంచుకున్న సీటు అవతలి సిస్టమ్‌కి చేరకపోవడం కూడా ఉంది. యాప్‌లో కొన్నవాళ్ళు పీఎన్‌ఆర్ తీసుకుని, విమానం నడిపే సంస్థ వెబ్‌సైట్‌లోనే సీటు పడిందో లేదో చూసుకోవాలి. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, చెక్‌ఇన్ రోజున ఒకసారి చూడండి.

మీరే టికెట్ రద్దు చేసుకుంటే సీటు డబ్బు చాలాసార్లు వెనక్కి రాదు. వాళ్ళే సీటు మారిస్తే మాత్రం అడగండి. అమెరికా వెళ్ళే, వచ్చే విమానాలకి అక్కడి రవాణా శాఖ 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం, డబ్బు కట్టిన సేవ అందకపోతే ఆ రుసుము తిరిగివ్వాలి. అడగడానికి రెండు ఆధారాలు చాలు: సీటుకి కట్టిన రసీదు, వేరే సీటు నంబర్‌తో చేతికొచ్చిన బోర్డింగ్ పాస్. ఆ పాస్‌ని చించెయ్యకుండా ఒక ఫొటో తీసి పిల్లలకి పంపేయండి, క్లెయిమ్ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.