నాగావళి ఎరుపు లెక్క

శ్రావణంలో రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దిగువన నాగావళి నీళ్లు గాజుగ్లాసులో పట్టి గట్టు మీద పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుక్కి చేరుతుంది. ఎరుపు మాత్రం దిగదు. మిల్లీమీటరులో 500వ వంతుండే బంకమట్టి రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. రేణువు సైజు పదోవంతుకి తగ్గితే దిగే వేగం నూరోవంతుకి పడిపోతుంది మరి. మా మామ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది అందుకే. గింజలోని జిగురుకి సన్నరేణువులు ముద్దకట్టి, ఆ బరువుకి దిగిపోతాయి.

ఈ మట్టి ఏ కొండవాలుది, ఎంత? అది లెక్కగట్టేవే కంప్యూటర్ నమూనాలు. పేరు గంభీరమే గానీ లోపల నడిచేది కిరాణాకొట్టు చిట్టా. అమెరికా వ్యవసాయశాఖ వాళ్ల స్వాట్ (SWAT) అనే నమూనానే తీసుకోండి. నేల, వాలు, పంట ఒకేలా ఉన్న చోట్లను ఒక్కో పద్దుగా కట్టి, కురిసిందెంత, ఇంకిందెంత, ఆవిరైందెంత, పారిందెంత అని రోజూ రాసుకుంటుంది.

కొట్టుకుపోయే మట్టి లెక్కకి మూలం ఇంకా పాతది. విష్‌మయర్, స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు 1965లో అచ్చువేసిన సూత్రం. వాన దెబ్బ, నేల గుణం, వాలు, నేలను కప్పిన పచ్చదనం, గట్లు: వీటన్నిటినీ గుణించడమే. వాళ్ల ప్రామాణిక మడి పొడవు 72.6 అడుగులు. అదేం అంకె అనుకుంటాం. 6 అడుగుల వెడల్పుతో గుణించండి, సరిగ్గా మన ఒక సెంటు!

నాకు పేచీ ఉన్నది పచ్చదనం అంకెతో. దున్ని గడ్డైనా మొలవనివ్వని నేలకి 1, దట్టమైన అడవికి నూరోవంతుకన్నా తక్కువ. మరి పోడుకి? తొలకరికి చెట్లు కాల్చిన వాలు బోడిగా ఉంటుంది, భాద్రపదానికి చోడి కమ్మేస్తుంది. ఏడాదంతటికీ ఒకే అంకె వేసేస్తే అసలు మట్టి జారే ఆ నాలుగు వానలూ లెక్కలోంచి జారిపోతాయి. పైగా వాలు మీద లేచిన మట్టంతా నదికి రాదు. చాలావరకు కొండపాదంలోనే, గట్ల దగ్గరే ఆగిపోతుంది. సూత్రం చెప్పేది లేచిన మట్టి సంగతి.

అందుకే ఏట్లో కొలిచి సరిచూడాలి. దానికి 1970లో నాష్, సట్‌క్లిఫ్ అనే ఇద్దరు జలశాస్త్రవేత్తలు నమూనాకి మార్కులేసే పద్ధతి పెట్టారు. అచ్చుగుద్దినట్టు చెబితే 1. రోజూ సగటే చెప్పే సోమరితో సమానమైతే 0. అంతకన్నా అధ్వానమైతే మైనస్. ఇన్ని టన్నులు కొట్టుకొస్తుందని ఖరాగా చెప్పే నమూనాని నేను పెద్దగా నమ్మను. ఈ వాలుకి గట్టు వేస్తే మేలా, ఆ వాలుకా అని అడిగితే మాత్రం దాని మాట వింటాను.

నీటి నాణ్యతకొస్తే ఇంకో మెలిక. ఎరువులోని భాస్వరం ఎక్కువగా మట్టిరేణువుల్ని అంటిపెట్టుకుని వస్తుంది, నైట్రేటు నీళ్లలో కరిగిపోయి వస్తుంది. నమూనా రెంటికీ వేరే పద్దులు రాస్తుంది. మామ్మ కుండలో మట్టితోపాటు భాస్వరమూ కొంత అడుక్కి దిగేది. నైట్రేటుంటే మాత్రం, తేటగా మెరిసే పైనీళ్లలోనే ఉండిపోతుంది.