తాతగారి బిస్కెట్ డబ్బాలో పోలిష్ పతకాలు: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత పతకాలకు రిబ్బన్లు మార్చి ఫ్రేమ్ కట్టడం నా పని. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇక్కడే ఉండిపోయిన పోలిష్ సైనికుల కుటుంబాలు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి, పెద్దాయన పోయాక అటక మీద దొరికిన బిస్కెట్ డబ్బా పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మూత తియ్యకముందే ఏవేవో మాటలు చెప్తారు. అందులో చాలావరకు తప్పు.

అపోహ: పేరు చెక్కి లేదు, ఇవి ఆయనవి కావేమో.

వాస్తవం: మన ఊళ్లలో ఎవరింట్లోనైనా తాతగారి బర్మా స్టార్ (రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడినందుకు ఇచ్చిన పతకం) ఉంటే వెనక్కి తిప్పి చూడండి. భారత సైనికులకు ఆ స్టార్లను పేరు, నంబరు వేసి ఇచ్చారు. బ్రిటన్ తన వాళ్లకు, తన కమాండ్ కింద పోరాడిన పోలిష్ వాళ్లకు ఇచ్చిన 1939-45 స్టార్, ఇటలీ స్టార్ మాత్రం వెనక నున్నగా, ఖాళీగా ఉంటాయి. మరి మనిషిని పట్టుకునేదెలా? మోంటె కస్సీనో శిలువతో. నీలం, ఎరుపు గీతల రిబ్బన్‌కు వేలాడే కంచు శిలువ అది, 1944 మే నెలలో ఇటలీలోని మోంటె కస్సీనో దగ్గర పోరాడిన పోలిష్ వాళ్లకు 48 వేలకు పైగా ఇచ్చారు. దాని వెనక చిన్న అంకెల్లో ఒక నంబరు గుద్ది ఉంటుంది, ఆ నంబర్లను దళాల వారీగా పంచారు. దాంతోపాటు పేరు రాసిన చిన్న ధ్రువపత్రం ఇచ్చేవారు. జనం పారేసేది సరిగ్గా ఆ కాగితాన్నే! నకిలీ శిలువలు బజారులో బోలెడు, కాబట్టి కాగితమూ శిలువా ఒకే నంబరుతో కలిసి ఉంటేనే నాకు ధైర్యం.

అపోహ: శిలువ మీద 1920 అని ఉంది, అంటే ఇది వాళ్ల నాన్నగారిది.

వాస్తవం: ఇది నన్ను కూడా మొదట్లో తికమక పెట్టింది. సాహస శిలువను పోలండ్ 1920లో, సోవియట్లతో యుద్ధం నడుస్తుండగా పెట్టింది. యుద్ధకాలంలో లండన్‌లో తలదాచుకున్న పోలండ్ ప్రవాస ప్రభుత్వం 1940లలో ఇచ్చిన వాటి మీదా ఆ 1920యే కనిపిస్తుంది. ఒకే మనిషికి నాలుగుసార్ల దాకా ఇవ్వొచ్చు. మళ్లీ వచ్చినప్పుడు కొత్త శిలువ బదులు రిబ్బన్ మీద చిన్న పట్టీ వేస్తారు. పట్టీలు లెక్కపెట్టండి, ఏడాదిని వదిలేయండి.

అపోహ: తళతళలాడేలా తోమితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: దయచేసి వద్దు. ఇత్తడి బిందెలు తోమే పాలిష్ పెట్టి రుద్దితే పాతకాలపు రంగుతో పాటు నంబరు అంచులూ అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డ చాలు. రిబ్బన్ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒకావిడ తెచ్చిన శిలువకు రిబ్బన్ చివికిపోయి ఉందని కొత్తది వేసి, పాతది చెత్తబుట్టలో పడేశాను. ఆవిడ వచ్చి చూసి, "ఆ పిన్ను రంధ్రాలు నాన్న గుచ్చినవండీ" అంది. అప్పటికే చెత్తబండి వెళ్లిపోయింది. ఇప్పుడు దారప్పోగు కూడా కవర్లో వేసి తిరిగి ఇచ్చేస్తాను.

అపోహ: రెండే పతకాలున్నాయి, పెద్దగా పోరాడలేదు.

వాస్తవం: బ్రిటిష్ పతకాల కోసం చాలామంది దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది, చేసుకోని వాళ్లు ఎందరో. కోపం కూడా ఒక కారణం. తమ దేశం సోవియట్ గుప్పిట్లోకి పోయింది, 1946 జూన్ 8న లండన్‌లో జరిగిన విజయ కవాతుకు కొద్దిమంది పోలిష్ పైలట్లనే పిలిస్తే మిగతా వాళ్లను పిలవలేదని వాళ్లూ వెళ్లలేదు. ఇలాంటివి చూశాక పతకం కోసం ఫారం నింపడానికి చెయ్యెలా వస్తుంది?

అపోహ: తాతకు ఆ ఎలుగుబంటి తెలుసు.

వాస్తవం: అందరి తాతకూ తెలుసు! పోలిష్ సైనికులు పెంచుకున్న వోయ్‌టెక్ అనే ఎలుగుబంటి నిజమే, 22వ ఆర్టిలరీ సప్లయ్ కంపెనీతో ఇటలీ వెళ్లింది, 1963లో ఎడిన్‌బరా జూలో చనిపోయింది. ఆ కంపెనీ బ్యాడ్జి, గుండును మోస్తున్న ఎలుగుబంటి బొమ్మ, డబ్బాలో ఉంటే అప్పుడు నమ్ముతాను.

అపోహ: బ్యాడ్జీలు, గుడ్డ ముక్కలు, ఫొటోలు విలువలేనివి.

వాస్తవం: నేను ముందు చూసేది వాటినే. టోపీ మీది గద్ద తల చూడండి: కిరీటం ఉంటే ప్రవాస ప్రభుత్వపు సైన్యం, సోవియట్ పక్షాన ఏర్పడిన పోలిష్ దళాల గద్దకు కిరీటం లేదు. భుజం గుడ్డ మీద మత్స్యకన్య ఉంటే జనరల్ అండర్స్ ఇటలీలో నడిపిన పోలిష్ సైన్యం, అంటే రెండో కోర్. ఆ కోర్‌లో చాలామంది సోవియట్ నిర్బంధం నుంచి 1942లో ఇరాన్ మీదుగా బయటపడ్డవాళ్లు, వాళ్ల పుట్టూళ్లు ఇప్పుడు ఉక్రెయిన్, బెలారుస్, లిథువేనియాల్లో ఉన్నాయి. వార్సాలో వెతికి ఏమీ దొరకలేదని దిగులు పడకండి, లండన్‌లోని సికోర్స్కీ మ్యూజియంకు రాయండి.

ఇక మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. కొన్ని డబ్బాల్లో ఎండలో కొబ్బరిచెట్ల కింద నిలబడ్డ పోలిష్ ఆడవాళ్ల, పిల్లల ఫొటోలు ఉంటాయి. ఇరాన్‌కు బయటపడ్డ కుటుంబాల్లో కొన్ని కొల్హాపూర్ దగ్గరి వలివడే శిబిరానికి చేరాయి, అక్కడ 1943 నుంచి 1948 దాకా సుమారు 5,000 మంది ఉన్నారు. భర్త ఇటలీలో, భార్యాపిల్లలు కొల్హాపూర్‌లో. వాళ్లలో చాలామంది యుద్ధం అయ్యాక ఇంగ్లండ్‌లోనే కలుసుకున్నారు. అలాంటి ఫొటో కనిపిస్తే వెనక్కి తిప్పి, పెన్సిల్ రాత చెరిగిపోకముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.