ట్రామ్ వస్తే పాత భవనాలు దెబ్బతింటాయా? అపోహలు - వాస్తవాలు

నేను బ్రిటన్‌లో వారసత్వ కట్టడాల మీద పనిచేస్తుంటాను. ఊరి నడిబొడ్డున కొత్త ట్రామ్ లైను వేస్తామంటే, దారి పొడవునా ఉన్న పాత భవనాలకూ వాటి పరిసరాలకూ ఏమవుతుందో ముందే అంచనా వేసి రాసివ్వడం నా పని. ట్రామ్ అంటే అమీర్‌పేటలో నెత్తి మీదుగా పోయే మెట్రో లాంటిది కాదు. బస్సులు, సైకిళ్లు, జనం తిరిగే రోడ్డు మీదే పట్టాలు పరిచి, పైన 750 వోల్టుల తీగ కట్టి నడుపుతారు. పాత గోడలకు అంత దగ్గరగా వచ్చేసరికి ఎవరికైనా టెన్షన్ సహజమే. కాకపోతే జనం భయపడేది ఒకదానికి, భవనాలకు అసలు ఇబ్బంది తెచ్చేది ఇంకోటి.

అపోహ: ట్రామ్ అదురుకి రాతి గోడలు బీటలు వారతాయి.

ప్రతి సభలోనూ మొదటి ప్రశ్న ఇదే. మనిషి ఒంటికి అదురు చాలా తొందరగా తెలుస్తుంది. అదురును అది కదిలే వేగంతో, సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని కొలుస్తారు. ఇంట్లో తీరిగ్గా కూర్చున్నవాళ్లకి సెకనుకు 0.3 మిల్లీమీటర్ల అదురు కూడా తెలిసిపోతుంది. మామూలు ఇటుక, రాతి ఇళ్లలో ప్లాస్టరు మీద సన్నటి గీతలు పడటానికి బీఎస్ 7385 అనే బ్రిటిష్ ప్రమాణం పెట్టిన కనీస హద్దు 15 మిల్లీమీటర్లు. అదురు ఆగకుండా వస్తుంటే ఆ హద్దును సగం దాకా తగ్గించి చూస్తాం. జర్మన్ ప్రమాణం ఇంకా జాగ్రత్తగా, సున్నితమైన వారసత్వ కట్టడాలకు 3 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెడుతుంది. ఆ 3 కూడా మనకు తెలిసే అదురుకి పది రెట్లు. పట్టాలు సరిగ్గా ఉన్న లైను మీద నడిచే ట్రామ్ ఈ హద్దుల దరిదాపులకు రావడం అరుదు. ఇంకో మాట: పాతదైనంత మాత్రాన భవనం బలహీనమని అనుకోవద్దని ఆ బ్రిటిష్ ప్రమాణమే చెబుతుంది. అది అప్పటికే దెబ్బతిని ఉందా లేదా అన్నదే చూడాలి. సంగీత కచేరీ హాళ్లు, చర్చిల దగ్గర మాత్రం లెక్క వేరు. అక్కడ గోడకు ఏమీ కాకపోయినా నేల గుండా వచ్చే గుడగుడ శబ్దమే సమస్య. అలాంటి చోట్ల పట్టాల కింద మెత్తటి పొర వేయిస్తాం.

అసలు గండం ట్రామ్ నడవకముందే ఉంటుంది. తర్వాత ఎవరూ రోడ్డు తవ్వి ట్రామ్ ఆపకుండా, పట్టాల కిందికొచ్చే నీటి పైపులు, గ్యాస్ పైపులు, కేబుళ్లు అన్నీ ముందే పక్కకు జరుపుతారు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా న్యూటౌన్ లాంటి పాత పేటలో ఇళ్ల నేలమాళిగలు ఫుట్‌పాత్ కింది దాకా వచ్చి ఉంటాయి. ఒకప్పటి బొగ్గు కొట్లు అవి. దిగి చూస్తే సున్నంతో కట్టిన కమాను, కీళ్లలో సున్నం రాలి వేలు దూరేంత సందులు, పైన మనుషుల అడుగుల చప్పుడు. ఆ కమానుకు అరమీటరు దూరంలో కాంక్రీటు పగలగొట్టే యంత్రం పెడితే ఏమవుతుందన్నదే నేను అడగాల్సిన ప్రశ్న. అందుకే పని మొదలుకాకముందే ప్రతి పగులుకీ పక్కన స్కేలు పెట్టి, తేదీ పడేలా ఫొటో తీస్తాం. అనుమానం ఉన్నచోట పగులు పెరుగుతోందో లేదో చూపించే గేజ్ దానికి అడ్డంగా అతికిస్తాం. "ఈ పగులు మీ వల్లే వచ్చింది" అని తర్వాత పేచీ వస్తే, ఇంటాయనకైనా కాంట్రాక్టరుకైనా ఆ ఫొటోనే సాక్ష్యం.

తవ్వకం గోడలతో ఆగదు. ఎడిన్‌బరా ట్రామ్ కోసం 2009లో లీత్ ప్రాంతంలోని కాన్‌స్టిట్యూషన్ స్ట్రీట్‌లో తవ్వినప్పుడు సౌత్ లీత్ చర్చి పాత శ్మశానం ఇప్పటి ప్రహరీ దాటి రోడ్డు కిందికి కూడా ఉందని తేలింది. దాదాపు 400 సమాధులు బయటపడ్డాయి. ఆ దారిలో ట్రామ్ నడిచింది మాత్రం 2023లో.

అపోహ: పాత భవనానికి మేకు కూడా కొట్టకూడదు, తీగల కోసం స్తంభాలు పాతితే సరి.

చెప్పాలంటే నాకు బాగా ఇష్టమైన తగవు ఇది. తీగను మోయడానికి రెండే దారులు. వీధిలో స్తంభాలు పాతడం, లేదా రెండువైపులా గోడలకు కొక్కేలు బిగించి మధ్యలో తాడు కట్టడం. వారసత్వం అనగానే అందరూ "గోడ జోలికి వెళ్లకండి" అంటారు. అలా అన్నందుకు భవనం ముఖద్వారానికి ఎదురుగా ఒక ఇనుప స్తంభం వచ్చి కూర్చుంటుంది. దానికి ఫుట్‌పాత్ కింద పెద్ద పునాది కావాలి. ఆ పునాది పోయి పైన చెప్పిన బొగ్గు కొట్టు మీదే పడొచ్చు. కొక్కెమైతే గోడ మీద గుప్పెడంత చోటు చాలు. వీధి ఖాళీగా, చూపు సాఫీగా ఉంటుంది. రేపు తీసేయాలన్నా ఒక రంధ్రం పూడిస్తే అయిపోతుంది. నా ఓటు చాలాసార్లు కొక్కేనికే.

అయితే ఏ గోడకు పడితే ఆ గోడకు కాదు. తాడు లాగే బలం తక్కువేం కాదు. చెక్క సుత్తితో రాయిని తట్టుకుంటూ వెళ్తాం. గట్టి రాయి ఖణేల్‌మంటుంది, లోపల పొర విడిపోయిన ఇసుకరాయి డొల్లగా మోగుతుంది. అలా మోగిన చోట కొక్కెం పెట్టం. రాయి బాగుందనిపిస్తే లాగి చూసే పరీక్ష చేస్తారు. బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలుదే అయి ఉండాలి. మామూలు ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే రాయిని చీల్చేస్తుంది. రక్షిత భవనమైతే దానికి విడిగా అనుమతి కూడా తీసుకోవాలి. బ్రిటన్ వీధుల్లో తలెత్తి చూస్తే వందేళ్ల నాటి ట్రామ్ కొక్కేలు ఇప్పటికీ కొన్ని గోడలకు కనిపిస్తాయి. పువ్వు ఆకారంలో పోతపోసినవి. అప్పట్లో వాళ్లు ఆ మాత్రం శ్రద్ధ పెట్టారు.

అపోహ: తీగలే లేకపోతే సమస్యే లేదు.

తీగలు లేని ట్రామ్‌లు ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 2003 నుంచి పాత పట్నంలో పట్టాల మధ్య నేలలోంచే కరెంటు ఇస్తున్నారు. నీస్‌లో 2007లో పెద్ద కూడళ్లను బ్యాటరీ మీద దాటించారు. 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్ టౌన్ హాల్ పక్కగా ట్రామ్ బ్యాటరీ మీదే నడవడం మొదలైంది. మంచి పద్ధతులే. బోర్డోలో మొదటి రోజుల్లో ఆ వ్యవస్థ తెగ మొరాయించింది కూడా.

కానీ తీగ పోయినా స్టాప్ పోదు కదా. ఎడిన్‌బరా ట్రామ్ ఒక్కొక్కటి దాదాపు 43 మీటర్లు. అంత పొడవు ప్లాట్‌ఫారం, షెల్టరు, టికెట్ మెషీన్లు, సమయాల బోర్డులు, కెమెరాలు, లైట్లు, సిగ్నళ్లు, పక్కనే ఎక్కడో కరెంటు సబ్‌స్టేషన్. పరిసరాలను పాడుచేసేది చాలాసార్లు ఈ చిల్లర సామానే. ట్రామ్ అయిదు నిమిషాలకోసారి వచ్చి పోతుంది, టికెట్ మెషీన్ మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది.

అపోహ: భవనం నుంచి ఇన్ని మీటర్ల దూరముంటే చాలు.

హైదరాబాద్ స్నేహితులు నన్ను తప్పకుండా అడిగేది ఇదే. మన దేశంలో 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చార్మినార్‌కైనా అదే లెక్క. ఇంగ్లండ్‌లో, స్కాట్లాండ్‌లో పరిసరానికి అలాంటి గీత లేదు. ఆ కట్టడాన్ని మనిషి ఎక్కడెక్కడి నుంచి, ఎలా అనుభవిస్తాడో అంతవరకూ దాని పరిసరమే. చర్చి శిఖరానికి అది కిలోమీటరు దాటొచ్చు, సందులో ఉన్న ఇంటికి ఎదుటి గోడతోనే అయిపోవచ్చు. కంటికి కనిపించేది ఒక్కటే కాదు. మలుపులో చక్రాల కీచు, రాత్రి లైట్లు, ఒక కట్టడానికి ఇంకో దానితో ఉన్న చుట్టరికం, అన్నీ అందులోకే వస్తాయి. గీత గీసుకుంటే నా పని తేలికవుతుంది గానీ, నన్నడిగితే ఈ పద్ధతే నయం.

చుట్టరికం అంటే మాంచెస్టర్ చూడండి. సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో ల్యూటెన్స్ రూపొందించిన యుద్ధ స్మారకం ఉంది. న్యూఢిల్లీ కట్టిన ల్యూటెన్సే. కొత్త ట్రామ్ లైను కోసం 2014లో దాన్ని టౌన్ హాల్ వైపుకు జరిపారు. రాళ్లకేం కాలేదు, చుట్టూ జాగా కూడా మెరుగైంది. కానీ 1907లో కూల్చేసిన చర్చి గుర్తుగా నిలిపిన శిలువ పక్కనే దాన్ని మొదట కట్టారు. ఆ జంట విడిపోయింది. నివేదికలో లాభం, నష్టం రెండూ రాయాలి. ఒకదానితో ఒకటి చెల్లు వేసి "ప్రభావం లేదు" అని రాయకూడదు.

అపోహ: ట్రామ్ వస్తే యునెస్కో గుర్తింపు పోతుంది.

బోర్డోకు ట్రామ్ 2003లో వచ్చింది, ప్రపంచ వారసత్వ గుర్తింపు 2007లో వచ్చింది. జర్మనీలో డ్రెస్డెన్ లోయ 2009లో గుర్తింపు పోగొట్టుకున్నది నది మీద కట్టిన రోడ్డు వంతెన వల్ల.

అపోహ: ఒకప్పుడు ట్రామ్‌లు తిరిగిన వీధే కదా, ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?

ఇది ట్రామ్ అభిమానుల అపోహ. ఎడిన్‌బరాలో 1871లో గుర్రపు ట్రామ్, 1888 నుంచి కేబుల్ ట్రామ్, తర్వాత కరెంటు ట్రామ్, 1956లో అన్నీ బంద్. చరిత్ర నిజమే. అయితే అప్పటి బండి పొట్టిది, స్టాప్ అంటే ఒక బోర్డు. పాత ఫొటో చూపించి కొత్త ప్లాట్‌ఫారానికి అనుమతి అడగడం కుదరదు.

అపోహ: "తక్కువ హాని" అని రాశారంటే పట్టించుకోనక్కర్లేదు.

ఇంగ్లండ్ విధానంలో హాని రెండు రకాలు, గణనీయమైనది, అంతకన్నా తక్కువది. ట్రామ్ విషయంలో దాదాపు అన్నీ రెండో గంపలోనే పడతాయి. దాన్ని చూసి కౌన్సిలర్లు ఊపిరి పీల్చుకుంటారు. ఒక గాలిమరల కేసులో 2014లో అప్పీలు కోర్టు తేల్చింది వేరు: హాని ఆ రెండో రకమే అయినా, రక్షిత భవనం పరిసరాన్ని కాపాడటానికి ప్రత్యేకంగా బరువు ఇచ్చి తీరాలి.

మీ వీధిలో ఇలాంటి నివేదిక బయటపెడితే, ముందు పేజీల్లోని అందమైన కంప్యూటర్ బొమ్మలు వదిలేసి స్తంభాల డ్రాయింగు అడగండి. ఇంగ్లండ్‌లో ట్రామ్ అనుమతుల్లో లైను పక్కకు జరగడానికి కొంత హద్దు ఇస్తారు. బొమ్మలో మీ గుమ్మం పక్కన ఉన్న స్తంభం కట్టేనాటికి గుమ్మం ఎదుటికి రావచ్చు. "ఏ స్తంభం ఎక్కడో కౌన్సిల్ ఒప్పుకున్నాకే పాతాలి" అనే షరతు ఆ కాగితాల్లో ఉందో లేదో చూడండి. లేకపోతే అభ్యంతరం అక్కడే రాయండి.