టార్చ్ పాజిటివ్ వస్తే బిడ్డకు సోకినట్టేనా? కడుపులోని బిడ్డకు చేరే పరాన్నజీవులు: అపోహలు - వాస్తవాలు

మొన్నామధ్య నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అత్తగారు మా ల్యాబు కిటికీ దగ్గర ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీస్తూ, "మా కోడలికి టార్చ్ వచ్చిందట మేడమ్, దానికి మందు ఉన్నదా?" అని అడిగారు. టార్చ్ అనేది జబ్బు పేరు కాదు. తల్లి నుంచి బిడ్డకు సోకగల కొన్ని వ్యాధుల ఇంగ్లిషు పేర్లలోని మొదటి అక్షరాలను కలిపి 1971లో పెట్టిన గుర్తు అది. అందులో మొదటి అక్షరమైన టాక్సోప్లాస్మా ఒక్కటే పరాన్నజీవి; రుబెల్లా, సైటోమెగలో, హెర్పిస్ మూడూ వైరస్‌లు. హైదరాబాద్‌లో మైక్రోబయాలజిస్టుగా ఈ రిపోర్టుల మీద రోజూ సంతకం చేసే దానిని కనుక, టాక్సోప్లాస్మా గురించి ఎక్కువగా, మలేరియా గురించి కొంత రాస్తున్నాను.

అపోహ: ఐజీఎం పాజిటివ్ అంటే ఇప్పుడే సోకింది, బిడ్డకూ చేరింది.

వాస్తవం: ఇక్కడ ప్రశ్నలు రెండు. తల్లికి ఎప్పుడు సోకింది అనేది మొదటిది, బిడ్డకు చేరిందా అనేది రెండవది. తల్లి రక్తంలోని యాంటీబాడీలు, అంటే సోకిన క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే ప్రొటీన్లు, మొదటి ప్రశ్నకు మాత్రమే, అదీ సగం సగం, జవాబు చెబుతాయి. వాటిలో ముందుగా పుట్టే రకం ఐజీఎం, ఆ తరువాత పుట్టి చాలాకాలం నిలిచే రకం ఐజీజీ. ఐజీజీ పాజిటివ్‌గా ఉండి ఐజీఎం నెగెటివ్‌గా ఉంటే ఎప్పుడో పాతరోజుల్లో సోకి తగ్గిపోయిందని అర్థం. రోగనిరోధక శక్తి బాగా ఉన్న స్త్రీకి అది రక్షణే తప్ప ప్రమాదం కాదు. ఐజీఎం విషయంలోనే చిక్కంతా వస్తుంది. సోకిన వారానికి అది కనబడడం మొదలవుతుంది కానీ, కొందరిలో నెలల తరబడి, మరికొందరిలో ఏడాదికి పైగా నిలిచి ఉంటుంది. అసలు సోకకపోయినా కిట్‌లో పొరపాటున పాజిటివ్ రావడమూ ఉంది. ఐజీఎం ఒక్కటే పాజిటివ్‌గా ఉన్నప్పుడు రెండు మూడు వారాల తరువాత మళ్లీ పరీక్షించినా ఐజీజీ పుట్టకపోతే, మొదటి ఫలితం నిజమైన సంక్రమణది కాదని తేలుతుంది.

రెండూ పాజిటివ్‌గా ఉన్నప్పుడు మేము ఆధారపడేది ఐజీజీ ఎవిడిటీ పరీక్ష. కొత్తగా పుట్టిన యాంటీబాడీలు పరాన్నజీవిని వదులుగా పట్టుకుంటాయి, నెలలు గడిచేకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది. అందుకని ఒకే రక్తనమూనాను పరీక్ష పళ్లెంలోని రెండు గుంటల్లో పోసి, ఒకదానిని మామూలు ద్రావణంతోనూ, మరొకదానిని యూరియా కలిపిన ద్రావణంతోనూ కడుగుతాము. వదులు పట్టు ఉన్నవి యూరియాకు ఊడిపోయి ఆ గుంటలో రంగు వెలవెలబోతుంది. గట్టి పట్టు ఉన్నవి నిలిచి రెండు గుంటలూ దాదాపు ఒకే రంగులో కనిపిస్తాయి. పట్టు గట్టిగా ఉంటే గడచిన 4 నెలల్లో సోకలేదని చెప్పవచ్చు.

పదకొండవ వారంలో ఉన్న ఒక అమ్మాయిని, ఐజీఎం పాజిటివ్ అన్న ఒక్క కాగితం చూసి, గర్భం తీయించుకోమన్నారు. మా దగ్గర ఆమె ఎవిడిటీ ఎక్కువగా వచ్చింది. అంటే సోకింది గర్భం రాకముందే. బిడ్డకు చేరే అవకాశం దాదాపు లేదు. అయితే ఇదే ఫలితం ఇరవై నాలుగవ వారంలో వచ్చి ఉంటే మొదటి రెండు నెలల సంగతి తేలకుండానే మిగిలిపోయేది. ఈ పరీక్ష విలువ గర్భం తొలి నెలల్లోనే ఎక్కువ. ఎవిడిటీ తక్కువగా ఉన్నంత మాత్రాన ఇటీవలే సోకిందనీ చెప్పలేము, ఎందుకంటే కొందరిలో ఆ వదులు పట్టు ఏడాది దాకా బిగుసుకోదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా "ఐజీఎం పాజిటివ్" అని మాత్రమే రాసి, కింద ఒక్క వివరణ వాక్యం లేకుండా సంతకం చేసిన రిపోర్టులు ఉన్నాయి. ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో, వాళ్లు దానిని ఎలా చదువుకుంటారో అప్పట్లో ఆలోచించలేదు.

అపోహ: వరుసగా గర్భస్రావాలు అవుతుంటే టార్చ్ పరీక్ష తప్పనిసరి.

వాస్తవం: మన ఊళ్లో అన్నిటికంటే ఎక్కువగా డబ్బు వృథా అయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం. టాక్సోప్లాస్మా కొత్తగా సోకినప్పుడు ఆ ఒక్క గర్భానికి హాని కలగవచ్చు. ఆ తరువాత పరాన్నజీవి కండరాల్లో, మెదడులో తిత్తులుగా నిద్రపోతుంది కాబట్టి గర్భం తరువాత గర్భాన్ని పోగొట్టడం దానివల్ల జరిగే పని కాదు. హెచ్ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో మాత్రం పాత సంక్రమణ తిరగబెట్టే అవకాశం ఉంటుంది.

అపోహ: ఉమ్మనీరు ఎంత త్వరగా పరీక్షిస్తే అంత మంచిది.

వాస్తవం: బిడ్డకు చేరిందా అన్న రెండవ ప్రశ్నకు జవాబు ఉమ్మనీటిలో పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షే. కానీ 18 వారాలు నిండకముందు, అలాగే తల్లికి సోకిందని అంచనా వేసిన రోజు నుంచి కనీసం 4 వారాలు గడవకముందు సూది వేస్తే, పరాన్నజీవి మాయలోనే ఉండిపోయి ఉమ్మనీటిలోకి ఇంకా రాకపోవచ్చు. అప్పుడు వచ్చిన నెగెటివ్‌ను నమ్మడానికి వీల్లేదు. సరైన సమయంలో వచ్చిన నెగెటివ్ కూడా పూర్తి హామీ కాదు, ఎందుకంటే మాయ దాటడం ఆ తరువాతైనా జరగవచ్చు. తల్లికి సోకిందన్న అనుమానం బలంగా ఉంటే, ఈ ఎదురుచూపు కాలంలో స్పైరామైసిన్ అనే యాంటీబయాటిక్ మందు మొదలుపెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి.

చాలామందికి తలకిందులుగా తోచే సంగతి ఒకటుంది. గర్భం పెరిగేకొద్దీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది: తల్లికి 13వ వారంలో సోకితే సుమారు 15 శాతం, 26వ వారంలో సుమారు 44 శాతం, 36వ వారంలో సుమారు 71 శాతం. కానీ బిడ్డకు చేరినప్పుడు జరిగే నష్టం తొలి నెలల్లోనే తీవ్రం. చివరి నెలల్లో సోకిన బిడ్డలు ఎక్కువమంది చూడడానికి ఆరోగ్యంగానే పుడతారు, కడుపులోని బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లోనూ ఏమీ కనబడదు. అందుకే స్కాన్ బాగుందన్న మాటతో ఈ విషయాన్ని ముగించకూడదు.

అపోహ: పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ ఉంటే బిడ్డకు సోకినట్టే.

వాస్తవం: ఐజీజీ మాయ దాటి తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. అది అమ్మ ఇచ్చిన సొమ్ము. నెలనెలా కరుగుతూ ఏడాది నిండేసరికి పూర్తిగా పోవాలి. పన్నెండు నెలలు దాటాక కూడా నిలిచి ఉంటే బిడ్డ సొంతంగా తయారుచేసుకుంటున్నట్టు లెక్క. ఐజీఎం, ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీ మాయ దాటవు కాబట్టి అవి బిడ్డ రక్తంలో కనబడితే అర్థం వేరు. అయితే కాన్పు సమయంలో తల్లి రక్తం కాస్త కలిసినా ఫలితం తారుమారవుతుంది గనుక, బొడ్డుతాడు రక్తంలో వచ్చిన పాజిటివ్‌ను కొన్ని రోజుల తరువాత బిడ్డ నరం నుంచి తీసిన రక్తంతో సరిచూసుకోవాలి. అవి నెగెటివ్ వచ్చినా సోకలేదని అర్థం కాదు. అనుమానం ఉన్న ప్రతి బిడ్డకూ కంటి డాక్టరు రెటీనా చూడాలి, తల స్కాన్ తీయాలి. పుట్టినప్పుడు మామూలుగా ఉన్న కంటిలో ఏళ్ల తరువాత మచ్చలు తేలడం ఈ జబ్బు స్వభావం.

అపోహ: ఇంట్లో పిల్లి ఉంటే ప్రమాదం, లేకపోతే భయం లేదు.

వాస్తవం: పిల్లి విసర్జించిన పరాన్నజీవికి సోకే శక్తి రావడానికి ఒకటి నుంచి 5 రోజులు పడుతుంది, కనుక దాని మట్టిపెట్టెను రోజూ మరొకరు శుభ్రం చేస్తే చాలు. పిల్లి లేని ఇంట్లో కూడా మట్టి అంటిన ఆకుకూరలు, సరిగా ఉడకని మాంసం ఉంటాయి. దమ్ మీద పూర్తిగా ఉడికిన బిర్యానీతో భయం లేదు. నాకు భయమల్లా పచ్చిమాంసం నానబెట్టిన మసాలాలో వేలు ముంచి ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూసే అలవాటుతోనే. మాంసం కోసిన పీట మీదే ఉల్లి, కీరా తరగడం కూడా అలాంటిదే.

అపోహ: మలేరియా దోమ కుడితేనే వస్తుంది, పసిబిడ్డకు తల్లి నుంచి రాదు.

వాస్తవం: దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. కానీ దోమతో పని లేకుండా మాయ ద్వారా కూడా ఈ పరాన్నజీవి బిడ్డను చేరగలదు. ఫాల్సిపారం రకం మలేరియా సోకిన ఎర్రరక్తకణాలు మాయకు అతుక్కుని అక్కడే దాక్కుంటాయి కాబట్టి తల్లి చేతి నుంచి తీసిన రక్తపు స్లైడులో ఏమీ కనబడకపోవచ్చు. బిడ్డకు జ్వరం, కామెర్లు, ప్లీహం వాపు కొన్ని వారాల తరువాత బయటపడి, చూసేవారికి పసిబిడ్డల రక్తంలో ఇన్‌ఫెక్షన్ వ్యాపించే మామూలు నవజాత సెప్సిస్‌లా తోస్తాయి. తల్లికి గర్భంలో జ్వరం వచ్చిందా అని ఒక్క మాట అడిగి, మందపాటి, పలుచటి రక్తపు పూతలు రెండూ చూడాలి. ఒకసారి నెగెటివ్ అయితే మళ్లీ చూడాలి. వైవాక్స్ రకం మలేరియా అయినా, బిడ్డకు అందేది రక్తంలోని దశ మాత్రమే గనుక కాలేయంలో నిద్రాణ రూపాలు ఉండవు. వాటి కోసం ఇచ్చే ప్రైమాక్విన్ ఆ బిడ్డకు అవసరం లేదు.

అపోహ: తల్లి కడుపులోని నులిపురుగులు బిడ్డకు పాకుతాయి.

వాస్తవం: పాకవు. పేగుల్లోని కొంకిపురుగులు రక్తం పీల్చి తల్లికి రక్తహీనత తెచ్చి, ఆ దారిన బిడ్డకు నష్టం చేస్తాయి. రెండవ త్రైమాసికంలో ఒక్క మోతాదు అల్బెండజోల్ ఇచ్చేది అందుకే.

అపోహ: పాత రిపోర్టులతో పని లేదు, కొత్తగా చేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: సోకింది ఎప్పుడు అన్న ప్రశ్నకు పాత కాగితమే అన్నిటికంటే చవకైన జవాబు. ఒక కిట్ చూపిన ఐజీఎం విలువను ఇంకో కిట్ విలువతో పోల్చకూడదు. పాత నమూనా ఫ్రీజరులో ఉంటే దానినీ కొత్తదానినీ ఒకే రోజు, ఒకే కిట్ మీద పక్కపక్కన నడపాలి. నల్లగొండ అత్తగారి కవరు అడుగున, కోడలి మొదటి కాన్పు నాటి కాగితం నలిగిపోయి దొరికింది. రెండేళ్ల కిందటిది. అందులో టాక్సోప్లాస్మా ఐజీజీ అప్పటికే పాజిటివ్. ఆ రోజు ఆ అమ్మాయి రక్తం మళ్లీ తీయాల్సిన పని పడలేదు.