వైన్ సర్వీసు మీద విశాఖలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

బీచ్ రోడ్డు వైపు ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో ఫ్లోర్ చూసుకునే పని నాది. వైన్ దగ్గరికొచ్చేసరికి చాలామంది రూల్సేవీ లేవన్నట్టు మాట్లాడతారు. అది నమ్మి గ్లాసు నింపితే ఇరుక్కునేది కొత్తగా చేరిన కుర్రాళ్లు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వైన్ ద్రాక్షరసమే కదా, మద్యం లెక్కలోకి రాదు.

వాస్తవం: వస్తుంది. మద్యం రాష్ట్రాల పరిధిలోని విషయం. మనకు 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది, వైన్‌కీ బ్రాందీకీ అదే. ఒకసారి లెక్క చూడండి. 12 శాతం వైన్ 150 మి.లీ. పోస్తే అందులో 18 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ 30 మి.లీ. పెగ్గులో ఉండేది 13 మి.లీ. లోపే. "ఒక్క గ్లాసు వైనేగా" అంటూ బండి తాళాలు తీసేవాళ్లకు నేను ఇదే చెబుతాను. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

అపోహ: అమ్మానాన్నలు పక్కనుంటే పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఇవ్వొచ్చు.

వాస్తవం: ఇవ్వకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 నిండాలి. గోవాలో 18, ఢిల్లీలో 25. సెలవులకు గోవా వెళ్లొచ్చిన కుటుంబాలే ఎక్కువగా వాదిస్తాయి. "మేమే ఇప్పిస్తున్నాం కదండీ" అని తండ్రి అన్నా చట్టం ఒప్పుకోదు. వయసు మీద అనుమానం వస్తే "సార్, ఒకసారి ఆధార్ చూపిస్తారా" అని మర్యాదగా అడగండి. చూపించకపోతే పోయకండి. కస్టమర్ కోపం ఆ పూటతో పోతుంది, లైసెన్సు పోతే అందరి జీతాలూ ఆగుతాయి.

అపోహ: బార్‌లో కొన్న సీసాను పార్సిల్ తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: బార్ లైసెన్సు అక్కడే కూర్చుని తాగడానికి ఇచ్చింది. ఇంటికి కావాలంటే షాపులో కొనుక్కోవాలి.

అపోహ: యానాం నుంచి తెచ్చుకున్న సీసాను మన టేబుల్ మీద తెరిస్తే తప్పేముంది?

వాస్తవం: అది మన రాష్ట్రానికి సుంకం కట్టని సరుకు. తనిఖీలో దొరికితే తెచ్చినవాళ్లతో పాటు టేబుల్ ఇచ్చిన మేమూ జవాబు చెప్పుకోవాలి.

బిల్లు మీద కూడా గొడవలొస్తుంటాయి. తాగే మద్యానికి జీఎస్టీ లేదు, దానిపై రాష్ట్ర పన్ను వేరు. జీఎస్టీ పడేది భోజనం మీద. వైన్ ధర మీద జీఎస్టీ వేసి ఉంటే అడిగి తీయించుకోండి.