న్యూయార్క్ - లండన్: దూరం ఒక్కటే, టైం ఎందుకు వేరు?

న్యూయార్క్‌లో రాత్రి ఫ్లైట్ ఎక్కితే ఆరున్నర ఏడు గంటల్లో లండన్‌లో దిగిపోతాం, అదే లండన్ నుంచి న్యూయార్క్ వెళ్ళాలంటే ఏడున్నర, ఒక్కోసారి ఎనిమిది గంటలు కూడా పడుతుంది. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా అమెరికా పోయొచ్చే మనవాళ్ళు ఇది గమనించే ఉంటారు, కానీ రెండు ఊళ్ళకీ 5 గంటల టైం తేడా ఉంది కదా దానివల్లేలే అనుకుంటారు. కాదు, నేను చెప్పేది నిజంగా సీట్లో కూర్చున్న గంటల గురించి. భూమి తిరగడం వల్ల అని ఇంకొందరు అంటారు, అది తిరిగేది తూర్పుకి కదా, ఆ లెక్కన లండనే విమానానికి దొరక్కుండా ముందుకు పోతుండాలి, తూర్పుకెళ్ళే ఫ్లైటే లేటవ్వాలి, జరిగేదేమో రివర్స్. భూమితో పాటు గాలీ తిరుగుతుంది కాబట్టి ఆ లెక్కే చెల్లదు.

న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ నుంచి లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్‌కి సుమారు 5,540 కిలోమీటర్లు, గ్లోబ్ మీద దారం బిగించి పెడితే వచ్చే దారి ఇది. మామూలు మ్యాప్‌లో చూస్తే ఉత్తరానికి వంగి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి, ఐర్లాండ్‌ల మీదుగా పోతున్నట్టు కనిపిస్తుంది.

అసలు సంగతి జెట్ స్ట్రీమ్. ధ్రువం వైపు గాలి చల్లగా, దక్షిణాన వెచ్చగా ఉండటంతో పైన ప్రెషర్ తేడా వచ్చి గాలి ఉత్తరానికి కదలబోతుంది, భూభ్రమణం దాన్ని కుడిపక్కకి అంటే తూర్పుకి తిప్పేస్తుంది, అలా 9-12 కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా విమానాలు ఎగిరే చోట, ఒక గాలి నది పారుతుంటుంది. చలికాలంలో ఆ వేడి తేడా ఎక్కువ, ఉరవడీ ఎక్కువే. గోదాట్లో లాంచి వాలుకి పోవడం, ఎదురెక్కడం లాంటిదే ఇది. విమానం స్పీడ్ చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే గంటకి 900 కిలోమీటర్లు అనుకుందాం, గంటకి 100 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే నేల మీద లెక్కకి 1,000 అవుతుంది, ఎదురొస్తే 800.

2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను టైంలో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది, గ్రౌండ్ స్పీడ్, అంటే నేల మీద లెక్కకి వేగం, గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిందా అంటే లేదు, తన చుట్టూ ఉన్న గాలిలో అది మామూలుగానే ఎగురుతోంది.

నాకు బాగా నచ్చిన లెక్క ఇంకోటుంది. వెళ్ళేటప్పుడు కలిసొచ్చిన టైం వచ్చేటప్పుడు పోయే టైంతో సరిపోతుంది అనుకుంటాం కదా, సరిపోదు. పై అంకెలతో వేసి చూడండి, 5 గంటల 32 నిమిషాలు, 6 గంటల 55 నిమిషాలు, మొత్తం మీద అసలు గాలే లేనప్పటి కంటే సుమారు 9 నిమిషాలు ఎక్కువ, ఎందుకంటే ఎదురుగాలిలో ఉండే టైమే ఎక్కువ.

తొలి రోజుల్లో అయితే ఈ పడమటి గాలులు ప్రాణాల మీదకే తెచ్చేవి. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు బ్రిటిష్ వైమానికులు న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లాండ్‌కి సుమారు 16 గంటల్లో ఆగకుండా ఎగిరొచ్చారు, అదే అట్లాంటిక్ సముద్రాన్ని ఒక విమానం యూరప్ నుంచి పడమరకి ఆగకుండా దాటింది మాత్రం 1928 ఏప్రిల్‌లోనే, బ్రెమెన్ అనే ఆ విమానానికి దాదాపు 36 గంటలు పట్టింది.

ఇప్పుడు కెనడాలోని గాండర్, స్కాట్లాండ్‌లోని ప్రెస్టిక్ సెంటర్ల కంట్రోలర్లు రోజూ గాలి ఫోర్‌కాస్ట్ చూసి సముద్రం మీద దారులు గీస్తారు, తూర్పుకెళ్ళేవి జెట్ స్ట్రీమ్‌ని పట్టుకునేలా, పడమరకెళ్ళేవి దాన్ని తప్పించుకునేలా. అందుకే కొన్ని రోజులు లండన్ నుంచి వచ్చే ఫ్లైట్ గ్రీన్‌లాండ్ దక్షిణ కొస దాకా ఎక్కి పోతుంది, కిలోమీటర్లు పెరిగినా ఎదురుగాలి తగ్గడంతో ముందే చేరిపోతుంది, ఇంధనం కూడా మిగులుతుంది.