నాలుగు పెట్టెల చోట ఒకటి పెడితే పాట చిక్కిపోతుందా?

తిరుపతిలో ఆడియో పరికరాల మరమ్మతు నా వృత్తి. ఈ మధ్య రిపేరుకు వచ్చే సామానుకన్నా సలహాకు వచ్చే మనుషులు ఎక్కువయ్యారు. సొంత ఇంటి నుంచి అపార్టుమెంటుకు మారారు, ప్రీయాంప్ (పాటను ఎంచుకుని వాల్యూమ్ సరిచేసేది), పవర్ యాంప్ (స్పీకర్లను మోగించేది), ట్యూనర్ (రేడియో), ఈక్వలైజర్ పేర్చిన స్టాండుకు చోటు లేదు. వాటి బదులు ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ ఒకే పెట్టెలో ఉండే ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ ఒకటి తెచ్చుకోవచ్చా అని అడుగుతారు. తెచ్చుకోండి అంటే, వెంటనే ఎక్కడో విన్న మాట ఒకటి బయటికి తీస్తారు.

అపోహ: ప్రీయాంప్‌కు విడిగా కరెంటు అందితేనే శుద్ధమైన ధ్వని.

వాస్తవం: ఇంగ్లండులో 1953లో వచ్చిన క్వాడ్ కంపెనీ ప్రీయాంప్, పవర్ యాంప్ జోడీని నేటికీ కళ్లకద్దుకునే వాళ్లున్నారు. అందులో ప్రీయాంప్‌కు సొంత ట్రాన్స్‌ఫార్మరే లేదు. పవర్ యాంప్ నుంచి వచ్చే కేబుల్‌తోనే దాని వాల్వులు వెలిగేవి. పెట్టెలు రెండైనా పొయ్యి ఒకటే! ప్రీయాంప్ భాగం వాడుకునే కరెంటు చాలా తక్కువ. దాన్ని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్లు మంచి ఇంటిగ్రేటెడ్‌లో ఉంటాయి. అయితే ఇందులో ఒక నిజం కూడా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం టర్న్‌టేబుల్ (ఎల్పీ రికార్డులు తిప్పే ప్లేయరు) కోసం ఉండే సర్క్యూట్‌కు తగిలితే హమ్, అంటే గుయ్యిమనే మోత వస్తుంది. అందుకే ఆ రెండింటినీ వీలైనంత ఎడంగా బిగిస్తారు. కొనేముందు వాల్యూమ్ పెంచి, పాట లేకుండా స్పీకరుకు చెవి ఆనించి వినండి.

అపోహ: హమ్ వస్తోందంటే యాంప్ పాడైనట్లే.

బైరాగిపట్టెడ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు వచ్చారు. “నాయనా, సుబ్బులక్ష్మి గారు అన్నమయ్య కీర్తన పాడుతుంటే వెనక తుమ్మెద తిరుగుతోంది” అన్నారు. ఇంటికి వెళ్లి చూశాను. ప్రీయాంప్ ఒక గోడ సాకెట్లో, పవర్ యాంప్ ఎదురు గోడ సాకెట్లో ఉన్నాయి. రెండింటికీ ఎర్తింగ్ ఉంది, మధ్యలో పాటను మోసే ఆర్‌సీఏ కేబుల్ ఉంది. దాంతో ఎర్త్ తీగలన్నీ కలిసి ఒక పెద్ద ఉచ్చు అయింది. అందులో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతోంది, అదే ఆ తుమ్మెద. పైగా ప్లగ్గులు పచ్చగా చిలుము పట్టాయి. వాటిని శుభ్రం చేసి, రెండింటినీ ఒకే బోర్డుకు కలిపితే తొంభై పాళ్లు తగ్గింది. కొందరు ఇలాంటప్పుడు ఎర్త్ పిన్ను విరిచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, షాక్ కొడుతుంది.

ఇంటిగ్రేటెడ్‌లో ఈ కలయిక లోపలే కొన్ని అంగుళాల దూరంలో జరిగిపోతుంది. బయట కేబుల్ ఉండదు, చిలుము పట్టే ప్లగ్గులు రెండు జతలు తగ్గుతాయి. నా దృష్టిలో మారడానికి ఇదే అన్నిటికన్నా పెద్ద కారణం. టీవీ సెట్‌టాప్ బాక్స్ కలిపితే మాత్రం తుమ్మెద మళ్లీ దారి వెతుక్కోవచ్చు.

అపోహ: 120 వాట్లు వదిలి 60 వాట్లు తెచ్చుకుంటే సగం ధ్వని పోతుంది.

వాస్తవం: పోయేది 3 డెసిబెల్సే, చెవికి అది చిన్న తేడా. ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరుకు 16 వాట్లు అందిస్తే 100 డెసిబెల్స్ వస్తాయి. అంత మోతకు పక్కింటివాళ్లు తలుపు తడతారు. 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 ఛానెల్‌కు 20 వాట్లని రాసుకునే ప్రపంచమంతా తిరిగింది. పెట్టెమీద పీఎంపీఓ (ప్రచారం కోసం వేసే గరిష్ట వాట్ల లెక్క) అని వేలల్లో రాసి ఉంటే ఆ అంకె చదవనే వద్దు. మీ స్పీకరు 4 ఓములదైతే, ఆ భారాన్ని యాంప్ మోయగలదో లేదో చూడండి.

అపోహ: నాబ్ కొద్దిగా తిప్పగానే మోగితే బలమైన యాంప్.

కాదు. సీడీ ప్లేయరు 2 వోల్టుల దాకా ఇస్తుంది, యాంప్ గెయిన్, అంటే దాన్ని పెంచే పాళ్లు, ఎక్కువ ఉంది, అంతే.

అపోహ: చిన్న పెట్టే కదా, షోకేసులో సర్దేయవచ్చు.

మన మే నెల ఎండకు అద్దాల తలుపు కూడా తోడైతే కెపాసిటర్లు ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పైన నాలుగు వేళ్లయినా ఖాళీ వదలండి.

మాస్టారు చివరికి ఇంటిగ్రేటెడ్ తెచ్చుకున్నారు. మర్నాడే ఫోను: “గొంతు పీలగా ఉంది నాయనా, మోసపోయాను.” టర్న్‌టేబుల్‌ను ఆక్స్‌కు, అంటే మామూలు పరికరాల సాకెట్‌కు తగిలించారు. మామూలు కార్ట్రిడ్జ్ (టర్న్‌టేబుల్ సూది ఉండే భాగం) ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. పైగా ఎల్పీలో బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. ఆ తేడాను తిరిగి సరిచేసేది ఫోనో సర్క్యూటే. కొన్ని కొత్త యాంప్‌లలో అది ఉండదు, ఆయన అదృష్టం కొద్దీ వెనక ఉంది. “ఫోనో అని రాసి ఉన్నచోట పెట్టండి మాస్టారూ, సన్న ఎర్త్ తీగను స్క్రూకు చుట్టండి” అన్నాను. తరువాత ఫోను రాలేదు.

ఆయన పాత పవర్ యాంప్ అమ్మిపెట్టమని నా దగ్గర వదిలారు. మూత తీస్తే కెపాసిటర్ల మధ్య ఎండిపోయిన బల్లి. దాన్ని తీసేసి, కెపాసిటర్లు మార్చాను. బేరం కుదిరేదాకా షాపులో దాంతోనే పాటలు వింటున్నాను. బేరం ఇంకా కుదరలేదు, నేనూ పెద్దగా తొందరపడటం లేదు.